గోడ మీద ఏడుస్తున్న మనిషి

నీళ్ల ఆఫీసులో అతన్ని అందరూ చెవి మేస్త్రి అంటారు. తాపీ పట్టడు, ఇటుక ముట్టడు, అయినా మేస్త్రే. అతని పనల్లా వినడం. రోడ్ల కింద నీళ్ల పైపులుంటాయి కదా, వాటికి ఎక్కడో ఒకచోట చిల్లు పడుతూనే ఉంటుంది. పైకి చుక్క తడి కనిపించదు. నీళ్లన్నీ మట్టిలోకే పోతుంటాయి, ఇళ్లలో కుళాయి ధార సన్నబడుతుంది, జనం ఆఫీసు మీద పడతారు. చిల్లు ఎక్కడుందో తెలియకుండా రోడ్డు పొడుగునా తవ్వుకుంటూ పోలేరు. అందుకని తెల్లవారుతుండగా, బండ్లింకా రోడ్డెక్కకముందే, చెవి మేస్త్రి ఇనుప కడ్డీ చంకన పెట్టుకుని బయలుదేరతాడు. ఆ కడ్డీకి ఒక కొన మొనదేలి ఉంటుంది, రెండో కొనకి చెక్క డిప్ప. మొనను నేలకు ఆనించి, డిప్పకు చెవి ఆనించి వింటాడు. కింద చిల్లుంటే నీళ్లు బుసబుసమంటాయి. అక్కడ సున్నంతో గుండ్రంగా గీస్తాడు. తవ్వేవాళ్లొచ్చి సరిగ్గా అక్కడే తవ్వుతారు. ఏమీ లేకపోతే అడ్డంగా ఒక గీత గీసి పోతాడు. ఈ వీధికి ఢోకా లేదని దాని అర్థం.

ఈ వినడానికో పద్ధతుంది, అది కాస్త గుర్తుపెట్టుకోండి. మోకాళ్ల కింద గోనెపట్టా వేసుకోవాలి. నడుం వంచాలి. కళ్లు మూసుకోవాలి. రెండో చెవిని అరచేత్తో గట్టిగా మూయాలి. నోరు మాత్రం తెరిచి ఉంచాలి, మూస్తే మన దవడ చప్పుడు మనకే వినిపించి కింది చప్పుడు తెలియదు. చెవి మేస్త్రికి ఈ పని నేర్పిన ముసలాయన మొదటిరోజు చెప్పిన పాఠం ఇదే. సరే, పద్ధతి పద్ధతే. కానీ తెల్లవారకముందే నడిరోడ్డు మీద మోకాళ్ల మీద కూలబడి, చెవి మీద చెయ్యేసుకుని, కళ్లు మూసుకుని, నోరు తెరిచిన మనిషిని సంగతి తెలియనివాడెవడైనా చూస్తే ఏమనుకుంటాడు? అయ్యో పాపం, వీడి కొంప మునిగిందనుకుంటాడు.

మునిగిన మాట నిజమే. కానీ వాళ్లనుకున్న రకంగా కాదు.

పోయిన చలికాలం నుంచి చెవి మేస్త్రికి కుడిచెవి పనిచేయడం మానేసింది. మొదట్లో జలుబనుకున్నాడు. వేణ్నీళ్ల ఆవిరి పట్టాడు, నూనె పోసుకున్నాడు. చలి పోయింది, జలుబు పోయింది, చెవి మాత్రం తిరిగి రాలేదు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ అతను విన్నదంతా కుడిచెవితోనే. ఎడమచెవి ఉన్నా లేనట్టే, ఇంట్లో మాటలు వినడానికి సరిపోతుంది తప్ప నేల కింది గుసగుసలు దానికి అంతుపట్టవు.

వినపడకపోతే ఆ మాట చెప్పి కడ్డీ ఆఫీసులో పడేయొచ్చుగా అంటారేమో. అక్కడే ఉంది తిరకాసు. నీళ్ల ఆఫీసులో చెవి పోయిన మేస్త్రిని పంపుల గదికి పంపిస్తారు. అది నేల మట్టానికి కింద, కిటికీ అనేది లేని గది. మూడు పెద్ద మోటార్లు పగలూ రాత్రీ హోరెత్తిపోతుంటాయి. అందులో పనిచేసేవాళ్లు ఒకళ్లతో ఒకళ్లు చేతులతో మాట్లాడుకుంటారు, ఇంటికొచ్చి పెళ్లాం బిడ్డలతోనూ చేతులతోనే మాట్లాడతారు. ఎలాగూ పోయిన చెవికి మోత ఒక లెక్కా అని ఆఫీసువాళ్ల ఉద్దేశం. ఎవడు ఆలోచించాడో గానీ మహా గొప్ప ఆలోచన. చెవి మేస్త్రి మామగారు, అంటే భార్య తండ్రి, ఆ గదిలోనే పనిచేసి పనిచేసి, రెండు చెవులూ పోగొట్టుకుని బయటికొచ్చాడు. చివరి రోజుల్లో కూతురు పక్కన కూర్చుని పిలుస్తుంటే గోడకేసి చూస్తూ ఉండేవాడు. అందుకే చెవి సంగతి భార్యకు చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

దారి ఒక్కటే కనిపించింది. ఇంటింటికీ తిరిగి నీళ్ల మీటర్లు చూసుకొచ్చే ఆవిడ ఆ నెలతో రిటైరవుతోంది. ఆ పనికి కళ్లుంటే చాలు, ఎండలో వానలో అయినా బయట తిరగొచ్చు, మనుషులతో మాట్లాడొచ్చు. ఆఫీసువాళ్లకు ఏటా చెవుల పరీక్ష చేసే డాక్టరు వచ్చేలోగా ఆ పనిలోకి జారుకుంటే గండం గడిచినట్టే. పెద్దసారు గదిలోకి వెళ్లి, మోకాళ్లు పట్టేస్తున్నాయి, కడ్డీ పని మాన్పించి మీటర్ల పని ఇప్పించండని అడిగాడు. పెద్దసారు మంచివాడే. "మోకాళ్లు కదా, నాకూ ఉన్నాయిలే. నెలాఖరుకి చూద్దాం" అన్నాడు. చెవి మేస్త్రి ఆ సాయంత్రం ఇంటికి పోతూ బన్నులు కొనుక్కుపోయాడు, భార్య ఏమిటి విశేషమంటే ఏం లేదన్నాడు.

ఆ మర్నాడు తెల్లవారుతుండగా దర్జీ కొట్టున్న వీధికి పోయాడు. ధార తగ్గిందని ఆ వీధివాళ్ల గోల. దర్జీ కొట్టు ముందు గోనెపట్టా పరిచి, కుడిచెవి ఆనించాడు. ఏమీ లేదు. మునుపైతే ఆ ఇనుములోంచి ఎన్నెన్ని వినిపించేవి. ఎవరింట్లోనో కుళాయి తిప్పితే తెలిసేది, ఎవరి తొట్టి నిండుతుందో తెలిసేది. ఇప్పుడు చచ్చిన నిశ్శబ్దం. ఉద్యోగంలో ఎన్నడూ చేయని పని చేశాడు, కడ్డీ మార్చి ఎడమచెవికి ఆనించుకున్నాడు. అలవాటు కొద్దీ కుడి అరచేత్తో కుడిచెవి మూసుకున్నాడు, అది మూసినా తెరిచినా ఒకటే అయినా సరే. నోరు తెరిచాడు. తన నెత్తురు తనకు వినిపించింది, అంతే. చాలాసేపు అలాగే ఉండిపోయాడు. చివరికి లేచి, అటూ ఇటూ చూసి, సున్నంతో అడ్డంగా గీత గీశాడు. ఆ గీత గీస్తుంటే అతనికి సిగ్గేసింది.

లేచి చూసినప్పుడు కుడివైపు కాస్త దూరంలో ఒకమ్మాయి మెడలో కెమెరా వేసుకుని వెళ్లిపోతూ కనిపించింది. పట్టించుకోలేదు.

* * *

కబురు మోసుకొచ్చింది బావమరిది. బస్‌స్టేషన్ నడవలో క్షౌరశాల అతనిది. ఊళ్లో చీమ చిటుక్కుమన్నా అతని కుర్చీ దగ్గరికి రావాల్సిందే.

"బావా, నువ్వు గోడెక్కావు" అన్నాడు గుమ్మంలోంచే. "మా నడవలో ఫోటోల ప్రదర్శన పెట్టారు. వీధుల్లో మనుషుల్ని తీసినవంట. అందరికంటే పెద్దది నీదే. తలుపంత ఉంది."

"నాకు ఫోటో ఎవరు తీశారు?" అన్నాడు చెవి మేస్త్రి.

"ఎవరు తీశారో ఎందుకులే, ఎందుకేడ్చావో అది చెప్పు ముందు" అన్నాడు బావమరిది.

భార్య చొక్కాలకు గుండీలు కుడుతోంది. ఒక బట్టల షాపుకి ఇంట్లోనే కుట్టి ఇస్తుంది. సూది ఆపి మొగుడి మొహంలోకి చూసింది. అక్కడితో మొదలైంది.

మర్నాడు ముగ్గురూ వెళ్లారు. నడవ పొడుగునా ఫోటోలు. ఒక్కదాని కిందా పేరు లేదు, ఊరు లేదు, సంగతి లేదు. చూసేవాళ్లే చెప్పుకోవాలట, అదీ అందులో గొప్ప. ప్రతి ఫోటో కిందా ఒక అట్ట, పసుపుపచ్చ చీటీలు, తాడుకి కట్టిన పెన్ను. ఈ మనిషి ఎవరో, ఏమయ్యుంటుందో రాసి అంటించండి అని ఆహ్వానం. ఆహ్వానించాక మనవాళ్లు ఊరుకుంటారా? చెవి మేస్త్రి ఫోటో కింద అట్ట పట్టక గోడ మీదికి కూడా పాకాయి చీటీలు.

ఫోటో మోకాళ్ల దగ్గర తెగిపోయింది. కడ్డీ మొన గానీ, సున్నపు డబ్బా గానీ కనిపించవు. చెక్క డిప్ప ఏదో ఊతకర్ర పిడిలా ఉంది. కనిపించేదల్లా మొహం. మూసుకున్న కళ్లు, తెరుచుకున్న నోరు, చెవిని అదుముకున్న చెయ్యి. ఎక్కడినుంచి వచ్చిందో చెంప మీద మంచు తడి.

భార్య ఒక్కో చీటీ పైకి చదివింది. "కొడుకు పోయాడు. ఆ అరుపు నాకు వినిపిస్తోంది." "ఉద్యోగం తీసేశారు, ఇంటికెలా వెళ్లాలో తెలియట్లేదు." "దేవుడితో పోట్లాడుతున్నాడు." "పంటినొప్పి. నాకూ ఇలాగే వచ్చింది, పీకించుకో అన్నా." "తాగి పడిపోయాడు, ఇలాంటివాళ్లకు ఫోటోలెందుకు?" చిన్నపిల్లల కోడిగీతల రాతలో ఒకటి, "రూపాయి బిళ్ల మురిక్కాలవలో పడిపోయింది." ఇంకోటి చదివి ఆగిపోయింది. "భార్య చనిపోయి ఉంటుంది. ఎంత ప్రేమించాడో."

"నేనిక్కడే గుండ్రాయిలా నిలబడ్డాను కదా" అంది. బావమరిది కిసుక్కుమని నవ్వాడు. ఆమె నవ్వలేదు.

చెవి మేస్త్రి చీటీలు చదవలేదు. అతని కళ్లు చెక్క డిప్ప మీదే ఉన్నాయి. ఎడమచెవి. తలుపంత ఎత్తున, నలుగురూ నడిచే దారిలో, అతను ఎడమచెవితో వింటున్నాడు. కుడిచెవి మేస్త్రిగా ఇన్నేళ్లు బతికినవాడి గుట్టు గోడకెక్కింది. ఇప్పుడో ఇంకాసేపటికో ఎవరో ఒకరు వేలెత్తి చూపిస్తారని నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డా ఒక్కరూ చూపించలేదు. చెవి ఎవడిక్కావాలి, అందరికీ ఏడుపే కావాలి.

ఇంటికొచ్చాక భార్య గిన్నెల మీద కోపం చూపించింది. తర్వాత అడిగింది. "ఎవరి కోసమండీ ఆ ఏడుపు?"

"ఏడుపు కాదే. పని. నోరు తెరుచుకునే వింటామని నీకు తెలియదా?"

"మా నాన్న ఆఫీసులో వినేవాళ్లని చిన్నప్పటి నుంచీ చూస్తున్నా. విన్న మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అది విన్న మొహం కాదు. మీకు లోపలేదో ఉంది. నాతో చెప్పుకోలేనిది."

ఊరంతా తప్పు చదివితే ఈమె సగం సరిగ్గా చదివి మిగతా సగం తన మనసుకి తోచింది పెట్టుకుంది. ఆ తోచింది ఎవతో ఒక ఆడమనిషి. పెళ్లికి ముందు తెలిసినదై ఉంటుంది, ఈ మధ్యే పోయి ఉంటుంది, అందుకే తెల్లవారకముందే రోడ్డు మీద పడి ఏడుస్తున్నాడు. ఆమె అలా తేల్చేసుకుంది. నిజం చెబితే పంపుల గది, చెప్పకపోతే లేని సవతి. ఆ రాత్రి ఇద్దరూ చెరో గోడకు తిరిగి పడుకున్నారు.

* * *

అక్కడినుంచి అతనికి తెల్లవారడమంటేనే భయం పట్టుకుంది. గోడ మీద చూసినవాళ్లు రోడ్డు మీద గుర్తుపట్టడం మొదలుపెట్టారు. మోకాళ్ల మీద కూర్చుని చెవి ఆనించాడో లేదో, భుజం మీద ఎవరిదో చెయ్యి. "బాధపడకు తమ్ముడూ, కాలమే మరిపిస్తుంది." నడకకు వచ్చిన ఒక పెద్దాయన రోజూ ఆగి తన కొడుకు పోయిన సంగతి మొదటినుంచీ చెప్పి, నీకు తప్ప ఎవరికి చెప్పుకోను అని కళ్లు తుడుచుకుని పోయేవాడు. ఒకావిడ పక్కన చతికిలబడి అతనికంటే ముందే ఏడ్చేసింది. నేను నీళ్ల ఆఫీసు మనిషిని, లీకు వింటున్నాను అని చెబితే, అలా పనిలో పడి మరిచిపోవడమే మంచిది అన్నారు. ఏం చెప్పినా దాన్ని తీసుకెళ్లి తమ కథలోనే కలుపుకున్నారు. మిగిలిన ఆ ఒక్క చెవి కూడా ఓదార్పులతో నిండిపోయింది. వాళ్లందరూ మంచివాళ్లే, అదే ఇబ్బంది. తిట్టడానికి కూడా వీల్లేదు.

దర్జీ ఒక్కడే ఏమీ ఓదార్చలేదు. దర్జీకి ఓదార్చే తీరిక లేదు. "మేస్త్రీ, ఇలా రా" అని కొట్టులోకి పిలిచి, మిషను పక్కన గచ్చు మీద మడమతో కొట్టాడు. "ఏమంటావు? గుల్లగా లేదూ? మా అమ్మ ఇక్కడే పడుకుంటుంది. కింద మట్టి పోతోందేమోనని నా అనుమానం."

చెవి మేస్త్రి వంగి వేలి కణుపుతో కొట్టాడు. గుల్లో గట్టో అతనికి తేడా తెలియలేదు.

"నువ్వే అడ్డగీత గీశావుగా" అన్నాడు దర్జీ. "నువ్వు గీశావంటే ఉండదులే. ముసలిది ఊరికే భయపడుతోంది." అని మళ్లీ మిషను తొక్కుకోసాగాడు. లోపల గోడవారన చాప మీద ముసలావిడ బొంత కప్పుకుని పడుకుని ఉంది. ఆమె చిన్న శరీరాన్ని చూసి చెవి మేస్త్రి సున్నపు డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. ఎక్కడో ఒకచోట తవ్వించాలంటే గుండ్రంగా గీయాలి. ఎక్కడని గీయాలి? ఆఫీసులో ఇంకో చెవి లేదు, నేర్పిన ముసలాయన ఎప్పుడో పోయాడు.

ఇక లాభం లేదనుకుని పెద్దసారు దగ్గరికి పరుగెత్తాడు. మీటర్ల పని తనకిచ్చేసి, కడ్డీకి వేరే ఊరినుంచి ఎవరినైనా రప్పించమని అడగాలని. పెద్దసారు గదిలో గోడకు అదే ఫోటో ఉంది. అచ్చు వేయించి అద్దం కట్టించాడు.

"చూశావా?" అన్నాడు పెద్దసారు. "బయటివాళ్లు ఏదేదో అనుకుంటున్నారు. మనకు తెలియదా అసలు సంగతి? నీళ్లు వృథా అవుతుంటే కడుపు తరుక్కుపోయే మనిషి మొహం అది. మన ఆఫీసులో అలాంటివాడు ఉన్నాడని ఊరంతా చూసింది. నిన్ను తీసుకెళ్లి మీటర్లు చూడమంటే నా మొహాన ఊస్తారయ్యా."

"మోకాళ్లు సార్..."

"మెత్తటి పట్టా కొనిస్తాను."

పాపం, పని తెలిసినవాడు కూడా ఆ ఫోటోలో తనకు కావలసిందే చూసుకున్నాడు. చెవి మేస్త్రి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. కుడితిలో పడ్డ ఎలుకంటే తనేననిపించింది.

* * *

ప్రదర్శన ఆఖరిరోజు నడవలోనే చిన్న సభ పెట్టారు. కుర్చీలు, మైకు, పూలగుత్తి. ఫోటో తీసిన అమ్మాయి వెతుక్కుంటూ ఇంటికొచ్చి, "అంకుల్, మీరు తప్పకుండా రావాలి. నాలుగు మాటలు చెప్పాలి" అంది. మంచి పిల్ల. కళ్లలో ఏ కల్మషమూ లేదు. అతను సరేనన్నాడు. మైకు ముందు నిలబెడితే నిజం చెప్పేయాలని అప్పుడే నిశ్చయించుకున్నాడు. పంపుల గదికి పంపితే పంపనీ. ముసలావిడ మీద ఆ గచ్చు కూలకముందే ఎవరో ఒకరు వచ్చి వింటారు.

ముందు వరసలో పెద్దసారు, ఆయన పక్కన ఇంకెవరో పెద్దలు. చివరి కుర్చీలో భార్య, పిలవకపోయినా వచ్చింది. ఆ ఆడమనిషి పేరు ఇవాళైనా బయటపడుతుందేమోనని వచ్చిందని ఆమె మొహమే చెబుతోంది.

అమ్మాయి మొదట మాట్లాడింది. "ఆ ఫోటో తీసినప్పుడు నేను ఈయనకు కుడిపక్కన, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర్లో ఉన్నాను. నా కెమెరా పాతది, గట్టిగా చప్పుడు చేస్తుంది. మూడుసార్లు నొక్కాను. ఈయన కదల్లేదు. అంతగా లోపల మునిగిపోయి ఉన్నారు. నేను అలాంటి దుఃఖం ఎప్పుడూ చూడలేదు."

సభంతా ఉస్సురంది. చెవి మేస్త్రి గుట్టు ఈ పిల్ల మైకులో చదివేసింది, కుడిపక్క, మూడు చప్పుళ్లు, ఒక్కటీ వినపడలేదు. ఎవరికీ అర్థం కాలేదు. చివరి కుర్చీలో మాత్రం భార్య తల పైకెత్తింది.

"ఆ క్షణంలో మీ మనసులో ఏముంది?" అని మైకు అతని చేతికిచ్చారు.

"నాకు వినపడలేదండీ" అన్నాడు చెవి మేస్త్రి. "నా పని పైపులో లీకు వినడం. చలికాలం నుంచి కుడిచెవి పోయింది. అందుకే ఎడమచెవి పెట్టాను, చూడండి, అక్కడ ఫోటోలో ఉంది. దానికీ ఏమీ వినపడలేదు. అయినా బాగుందని గీత గీశాను. ఆ వీధిలో లీకు ఉందో లేదో నాకు తెలియదు. ఇంకెవరినైనా పంపి వినిపించండి. నాకు భయంగా ఉంది."

కళ్లజోడు పెట్టుకున్న ఒకామె లేచి, "దుఃఖం చెవులు మూసేస్తుంది. మా నాన్న పోయినప్పుడు నాకూ ఇలాగే వారంపాటు ఏమీ వినపడలేదు" అని చప్పట్లు కొట్టింది. ఆమె వెనక సభంతా కొట్టింది. అతను మళ్లీ మైకు దగ్గరికి వంగి, "అది కాదండీ, చెవి" అన్నాడు. చప్పట్లలో ఆ మాట కలిసిపోయింది.

కిందికి దిగాక పెద్దసారు పక్కకు లాగాడు. నవ్వుతూనే ఉన్నాడు గానీ ఆ నవ్వు కళ్లదాకా రాలేదు. "మొన్న మోకాళ్లన్నావు. ఇవాళ చెవంటున్నావు. రేపు కళ్లంటావా? మీటర్ల పని కోసం ఇన్ని ఎత్తులా?"

"నిజం సార్. మోకాళ్ల మాట అబద్ధం. చెవి మాట నిజం."

"సర్లే. ఆ పని నిన్ననే ఇంకొకరికిచ్చేశాను. నువ్వు మాత్రం సభని రక్తి కట్టించావయ్యా" అని భుజం తట్టి వెళ్లిపోయాడు.

నిజం చెబితే తలుపు తెరుచుకుంటుందనుకున్నాడు పిచ్చివాడు. ఆ ఒక్క తలుపూ అతని కళ్లముందే మూసుకుపోయింది. పైగా దానికి అతను వేసిన మోకాళ్ల అబద్ధమే గడియ.

* * *

ఇంటికి నడిచిపోతున్నారు. భార్య ఎప్పుడూ అతనికి కుడివైపునే నడుస్తుంది, పెళ్లయినప్పటి నుంచీ అలవాటు. కొంతదూరం అలాగే నడిచింది. తర్వాత ఏమీ అనకుండా వెనకనుంచి చుట్టూ తిరిగొచ్చి ఎడమవైపుకు మారింది. చెవి మేస్త్రికి ఏడుపు తన్నుకొచ్చినంత పనైంది.

"అటునుంచి నేను ఏం మాట్లాడినా ఊ కొట్టడం మానేశారు. అలిగారనుకున్నా" అంది.

"అలగలేదు."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"మీ నాన్న గుర్తొస్తాడని."

వీధి మలుపు తిరిగారు. "ఎవత్తో చచ్చిందని ఇన్నాళ్లూ దాన్ని మనసులో తిట్టుకుంటూ కూర్చున్నా. పాపం, పుట్టనే లేదు" అంది. ఆమె గొంతులో నవ్వుందో ఏడుపుందో అతనికి తెలియలేదు. "పంపుల గదికి మిమ్మల్ని పోనివ్వను. ఒకర్ని ఇచ్చాం, చాలు."

మర్నాడు అతను లేచేసరికి ఆమె చీర బిగించి కట్టి, కడ్డీ గుమ్మం దగ్గర పెట్టుకుని కూర్చుంది. ఎవరైనా అడిగితే టీ ఇవ్వడానికి వచ్చానని చెప్పడానికి ఫ్లాస్కు కూడా ఉంది. అతను వద్దన్నాడు. "నీకు చేతకాదు. ఏళ్లు పడుతుంది నేర్చుకోవడానికి" అన్నాడు.

"పక్కింటి కుళాయి చుక్క రాలితే నాకు మెలకువొస్తుంది. పదండి" అంది.

దర్జీ కొట్టు ముందు గోనెపట్టా పరిచాడు. ఆమెను మోకాళ్ల మీద కూర్చోబెట్టాడు. "కళ్లు మూసుకో. ఆ చెవి మూసుకో, గట్టిగా. నోరు తెరువు. ఇంకా." ఆమె అలాగే చేసింది. అరుగు ఎదుట ఏమీ లేదంది. నాలుగడుగులు జరిపాడు. అక్కడా లేదంది. కొట్టు మెట్టు పక్కనే కడ్డీ నాటాడు.

ఆమె చాలాసేపు కదల్లేదు. కనుబొమలు ముడిపడ్డాయి. "ఎవరో పళ్ల సందుల్లోంచి గాలి పీలుస్తున్నట్టుంది. ఆగకుండా" అంది.

చెవి మేస్త్రి మెట్టు పక్కన సున్నంతో గుండ్రంగా గీశాడు. మధ్యాహ్నానికి తవ్వేవాళ్లొచ్చి తవ్వితే, కొట్టు గచ్చు కింద మనిషి కూర్చునేంత గుంత ఉంది. ముసలావిడను చాపతో సహా పక్కింటికి మార్చారు. దర్జీ వచ్చి చెవి మేస్త్రి చేతులు పట్టుకుని, "చెవి పోయిందని సభలో చెప్పావంట, ఎవడు నమ్ముతాడు?" అన్నాడు. పెద్దసారు ఫోన్ చేసి అదే మాట ఇంకాస్త గట్టిగా అన్నాడు. చెవుల పరీక్ష కూడా ఇక అక్కర్లేదట, ఇంతకంటే పరీక్ష ఏముంటుందట.

కానీ అదంతా తర్వాత. గుండ్రంగా గీసిన ఆ తెల్లవారుజామున ఆమె ఇంకా కడ్డీకి చెవి ఆనించే ఉంది, నమ్మకం కుదరక మళ్లీ మళ్లీ వింటోంది. అతను పక్కన నిలబడి ఒక చెయ్యి ఆమె వీపు మీద వేశాడు. ఆమెకు వినిపిస్తోంది. ఇక రోజూ వినిపిస్తుంది, రోజూ వినాలి. తను ఈ గోనెపట్టా మీదినుంచి లేవలేకపోయాడు సరికదా, ఇప్పుడు ఆమెను కూడా తెచ్చి పక్కన కూర్చోబెట్టాడు.

"రేపు ఏ వీధండీ?" అందామె కళ్లు తెరవకుండానే.

అతను రెండో చేత్తో మొహం కప్పుకుని అటు తిరిగాడు. కుడివైపు నుంచి కెమెరా చప్పుడైంది. ఆమె చెవి నేల కింద ఉంది, అతని చెవి ఎప్పుడో పోయింది. ఇద్దరికీ వినపడలేదు.

వారం తిరక్కుండా ఆ ఫోటో కూడా బస్‌స్టేషన్ నడవలో వెలిసింది, ప్రదర్శన అయిపోయినా తీయకుండా ఉంచిన పాతదాని పక్కనే. ఈసారి బావమరిది ఇంటికొచ్చి చెప్పలేదు, మొదటి చీటీ చదివి కొట్టుకు పోయి కత్తెర పట్టుకున్నాడు. చీటీలో ఇలా ఉంది. "పాపం, ఇప్పుడు ఆమె కూడా ఏడుస్తోంది. అతను ఓదారుస్తున్నాడు."

ఆమె ఏడవలేదు, పని చేస్తోంది. ఏడుస్తున్నది నిలబడ్డ మనిషి. అతని మొహం ఫోటోలో పడలేదు.